చేతికివ్వకూడని ఇనుము

మేనమామగారింట్లో అడుగుపెట్టేటప్పుడు శేషారత్నం ఎప్పుడూ కుడికాలే ముందు పెట్టేది. ఆ రోజు ఏ కాలూ పెట్టలేదు. గడప ముందు ఆగిపోయి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన ఆ టేకు చెక్కనే చూస్తూ నిలబడింది. దాని కింద జానెడు లోతున ఆమె పరువు పాతిపెట్టి ఉంది. తవ్వి తీసిమ్మని అడగడానికి వచ్చింది. ఎలా అడగాలో తెలియడం లేదు. ఏప్రిల్ ఎండకి జూబిలీహిల్స్ బండలన్నీ పెనాల్లా కాలుతుంటే, చెప్పులు విప్పి మరీ అరికాళ్ళు మాడ్చుకుంటోంది.

"అదేంటే రత్నం, అలా నిలబడిపోయావు? లోపలికి రా, వడదెబ్బ తగులుతుంది," అంది అత్తయ్య సీతామహాలక్ష్మి.

రత్నం గడప తొక్కకుండా దాటింది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని తొక్కరు. మేనమామ అచ్యుతరామయ్యగారి సినిమాలన్నీ ఆ గడప కిందనుంచే పుట్టాయని ఫిల్మ్‌నగర్‌లో ఏ టీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు. నిర్మాత అన్నాక ఒక సెంటిమెంటుండాలి. కొందరికి హీరోయిన్, కొందరికి కొబ్బరికాయ, ఈయనకి గడప.

అత్తయ్య అన్నం వడ్డించింది. ఉప్పు అడిగితే గిన్నె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి ముందుకి జరిపింది. ఉప్పు, నూనె, ఇనుము ఆ ఇంట్లో చేతి నుంచి చేతికి మారవు. ఒకరు కింద పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరికీ పడదంటారు, ఇచ్చినవాళ్ళ శని పుచ్చుకున్నవాళ్ళకి చుట్టుకుంటుందంటారు. రత్నం చిన్నప్పట్నించీ ఈ మాటకి నవ్వుతూనే ఉంది. ఆ పూట మాత్రం నవ్వు రాలేదు, ముద్ద దిగలేదు.

గడప కింద ఉన్నదేమిటో చెప్పకపోతే కథ నడవదు. వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో గొడ్లసావిడి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే నల్లరాయి ఒకటుండేది. ఎప్పుడో పొలం దున్నుతుంటే దొరికిందట. చూడ్డానికి కొబ్బరికాయంత, ఎత్తబోతే నడుం పట్టేసేది. వాల్తేరులో భూగర్భశాస్త్రం చదువుతూ సెలవులకి వచ్చిన రత్నం ఓసారి దాన్ని ఆకురాయితో రుద్ది చూసింది. లోపల వెండిలా మెరిసింది. అది రాయి కాదు, ఇనుము. మన నేలలో ఇనుము అలా ముద్దగా దొరకదు. ఎక్కడో ఆకాశంలో పగిలిన లోకం ముక్క ఒకటి వచ్చి వాళ్ళ పొలంలో పడింది.

రాళ్ళు చదివే ఆడపిల్లని ఎవరు చేసుకుంటారని చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకుంటే, ఎవరి మాటా లెక్కచెయ్యకుండా ఆమెని వాల్తేరు తీసుకెళ్ళి చేర్పించింది అచ్యుతరామయ్యే. అక్క పోతూ పోతూ పిల్లని ఆయన చేతిలో పెట్టింది. ఆ సంగతి ఆయన ఏనాడూ మరిచిపోలేదు. ఈ కథలో చిక్కంతా ఆ మరిచిపోకపోవడంలోనే ఉంది.

తరవాత మద్రాసు నుంచి సినిమావాళ్ళంతా ఒక్కొక్కరే హైదరాబాదుకి కదిలొస్తున్న రోజుల్లో, ఆయన జూబిలీహిల్స్‌లో బండలు పేల్పించి ఇల్లు మొదలుపెట్టాడు. సింహద్వారం ఎత్తే ముహూర్తానికి గడప కింద నవరత్నాలు, పంచలోహాలు వేస్తారు కదా. "మన పొలంలో పడ్డ ఆకాశపు లోహం ఉండగా బజారు లోహాలెందుకు?" అన్నాడాయన. వెంకటాచలం సిద్ధాంతి కళ్ళు మూసుకుని లెక్కలు కట్టి, "దివి నుంచి దిగిన లోహం. దైవప్రసాదం," అన్నాడు. రత్నం అప్పటికే నగరంలో ఒక ప్రభుత్వ ల్యాబులో ఉద్యోగంలో ఉంది. రాయిని సగానికి కోయించి, ఒక సగం తన దగ్గర ఉంచుకుని, రెండో సగం తెచ్చి నేరుగా మేనమామ చేతిలో పెట్టింది.

"ఇనుమే, చేతికివ్వకే! కింద పెట్టు!" అని అత్తయ్య అరిచింది.

"మేనకోడలు చేత్తో ఇస్తే విషమైనా అమృతమే," అని నవ్వాడు అచ్యుతరామయ్య.

ఆ ఇంట్లోంచి తీసిన మొదటి సినిమా నూరురోజులు ఆడింది. ఇక ఆ గడపకి పట్టిన భోగం ఇంతా అంతా కాదు. సీతామహాలక్ష్మి రోజూ తెల్లారగానే చెంబెడు నీళ్ళు పోసి కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకునేది. ఆ మరుసటేడే రత్నం భర్త సత్యనారాయణమూర్తి స్కూటర్ మీద కాలేజీకి వెళుతుంటే ఎర్రగడ్డ చౌరస్తాలో లారీ కొట్టేసింది. ఆ రెండు సంగతులూ ఎవరూ ఒకచోట పెట్టి మాట్లాడలేదు. అప్పట్లో.

మూర్తి పోయాక రత్నానికి మిగిలింది ఆ సగం రాయే. వారమంతా ల్యాబులో వాళ్ళ సున్నపురాయీ వీళ్ళ ఖనిజమూ పరీక్ష చేసి కాగితాలు రాసిచ్చేది. ఆదివారాలు మాత్రం తన రాయి ముందు కూర్చునేది. పలకలుగా కోసి, అద్దంలా నునుపు చేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని చూసేది. బూడిదరంగు ఇనుములో అక్కడక్కడా తెల్లటి సన్నని పుల్లలు కనిపించేవి.

ఆ పుల్లల జాతి కొత్తదేమీ కాదు. ఇనుప ఉల్కల్లో ఇనుము, నికెల్, భాస్వరం మూడూ కలిసి అలా తెల్లగా పేరుకుంటాయని నూరేళ్ళ పైనుంచీ తెలుసు. తగరంలా తెల్లగా ఉంటాయి, అయస్కాంతానికి అంటుకుంటాయి. కత్తికి లొంగనంత గట్టివి, కానీ గాజులా పెళుసు. ఇనుమంతా కరిగిపోయే ఆమ్లంలో అవి మిగులుతాయి. ఇనుమంతా తుప్పుపట్టే తడిలో అవి మెరుస్తూనే ఉంటాయి. మన భూమ్మీద అవి పుట్టడం బహు అరుదు, ఇక్కడి ప్రాణవాయువు భాస్వరాన్ని ఒంటరిగా వదలదు. ఆకాశంలో వేల ఏళ్ళకొక డిగ్రీ చొప్పున చల్లారే ఇనుప ముద్ద కడుపులోనైతే తీరిగ్గా పెరుగుతాయి. ఎంత ఆలస్యంగా పుడితే వాటిలో నికెల్ అంత ఎక్కువ. అయినా ఎప్పుడూ ఇనుముదే పైచెయ్యి.

రత్నం చూసిన కొన్ని నలుసుల్లో పైచెయ్యి నికెల్‌ది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ కొలిచి చూసుకుంది. అలాంటిదానికి పుస్తకాల్లో పేరే లేదు. ఇల్లంతా ఖాళీ అయిపోయిన మనిషికి, లోకంలో ఇంకెవరూ చూడనిది ఒకటి కళ్ళబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ సాయంత్రం ఎవరికి చెప్పాలో తెలియక మూర్తి ఫొటోకి చెప్పింది.

వ్యాసం అచ్చయింది. మెచ్చుకోళ్ళ కంటే ముందు అనుమానాలొచ్చాయి. మళ్ళీ చూపించమన్నారు. చూపిద్దామని ఆ పలకని ఇంకాస్త నునుపు చేయబోతే, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పెళుసు నలుసులన్నీ ఊడి నీళ్ళలో కొట్టుకుపోయాయి. మిగతా రాయి అప్పటికే కోతలకీ పరీక్షలకీ అయిపోయింది. పలకలో ఇప్పుడు చిన్న చిన్న గుంటలు తప్ప ఏమీ లేవు.

ల్యాబు పెద్ద అనంతపద్మనాభంగారు కేకలు వేసే మనిషి కాదు. అందుకే ఆయన మాట ఎక్కువ తగిలింది. "మన పక్క గదిలో నికెల్, భాస్వరం కలిపిన పూతలు వేస్తారు కదమ్మా. ఆ పొడి నలుసేదో నీ పలక మీద పడిందంటున్నారు. నువ్వు కావాలని చేశావని నేననను. ఈ నెలాఖరులోగా అదే రాయి ముక్క ఇంకోటి చూపించు. లేదంటే నువ్వు చూసింది తప్పని రాసిచ్చెయ్యి."

కావాలని చేశావని నేననను! అంటే మిగతావాళ్ళు అంటున్నారని. ఆమె కాఫీ గదిలోకి వెళితే మాటలు ఆగిపోతున్నాయి. తప్పు చేసినవాళ్ళు తప్పు చేశామని రాసివ్వగలరు. కళ్ళారా చూసినదాన్ని చూడలేదని ఎలా రాయడం? అలా రాసిన చేత్తో ఆ తరవాత ఏ కాగితం మీద సంతకం పెట్టినా దానికి విలువేముంటుంది? లోకంలో ఆ రాయి ముక్క ఇంకొక్కటే ఉంది. అది ఈ గడప కింద ఉంది.

అందుకని భోజనాలయ్యాక, ఉయ్యాలబల్ల మీద వక్కపొడి నములుతున్న మేనమామకి చెప్పేసింది. అంతా విని అచ్యుతరామయ్య ఊగడం ఆపాడు.

"గడప పీకమంటావా? వచ్చే శుక్రవారం నా సినిమా రిలీజు పెట్టుకుని?"

"రిలీజయ్యాకైనా సరే మామయ్యా. పక్కనించి చిన్న కన్నం పెడితే చాలు. ఉసిరికాయంత ముక్క ఇప్పించండి."

"కడుపుతో ఉన్నదాని పొట్టకి చిన్న కన్నం పెడతానంటే ఊరుకుంటారటమ్మా?" అన్నాడు. తరవాత మెత్తబడ్డాడు. మేనకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆయన తట్టుకోలేడు. "ఓ పని చేద్దాం. మా ఆర్ట్ డైరెక్టర్ బసవపున్నయ్య ఉన్నాడే, వాడు కోటలే కట్టిపారేస్తాడు. నువ్వొకసారి దగ్గర కూర్చుని ఎలా ఉండాలో చెబితే అచ్చం అలాంటి రాయి చేసిపెడతాడు. ఎవడూ కనిపెట్టలేడు."

రత్నం ఆయన ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు, నిజంగా సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. దొంగరాయి పెట్టావన్న నింద కడుక్కోవడానికి వచ్చినదానికి దొంగరాయి చేయించి ఇస్తానంటున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక, "వస్తాను మామయ్యా," అని లేచింది. వెళుతూ కూడా ఆ గడపని తొక్కలేదు.

శుక్రవారం రానే వచ్చింది. సినిమా సంగతి మార్నింగ్ షో ఇంటర్వెల్‌కే తేలిపోయింది. రెండో వారానికి థియేటర్ల నుంచి రీళ్ళ బాక్సులు తిరిగొచ్చేశాయి. ఫిల్మ్‌నగర్‌లో సినిమా పోతే కథ బాగాలేదని ఎవరూ అనరు. కథ రాయించిందీ తీసిందీ తామే కాబట్టి ఆ దారిన వెళ్ళడం క్షేమం కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ నింద మోయడానికి నోరులేనిదొకటి కావాలి. వెంకటాచలం సిద్ధాంతి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. సింహద్వారం కింద ఇనుమున్నదనీ, ఇనుము శనిలోహమనీ, శనిని దాటుకుంటూ ఇంట్లోకొస్తున్నారనీ చెప్పాడు. దైవప్రసాదమన్న నోటితోనే చెప్పాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. శనివారం పొద్దున్నే తవ్వించి, నల్లగుడ్డలో నువ్వులతో సహా మూటకట్టి, కృష్ణలో వదిలెయ్యమన్నాడు.

శనివారం ల్యాబుకి అత్తయ్య ఫోన్ చేసింది. "రత్నం, గడప పీకేస్తున్నారే, ఆ ఇనుము కృష్ణలో కలిపేస్తారట," అని ఏడుస్తోంది.

రత్నం మొదట నవ్వింది. చేతిలో ఫోను ఉండగానే, అత్తయ్య ఏడుపు వింటూ నవ్వింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యపడుతూనే పరుగెత్తింది.

"జూబ్లీహిల్స్ గుట్టల మీదికా? గీ ఎండల గాడికెల్లి ఖాళీగ రావాలె మేడం," అని ఆటోవాడు మొండికేశాడు.

"నీకు దణ్ణం పెడతాను, పోనీ నాయనా," అని ఎక్కి కూర్చుంది. ఆమె ముఖం చూసి వాడు బండి తీశాడు.

వెళ్ళేసరికి ద్వారబంధం పళ్ళూడిన నోరులా ఉంది. గడప చెక్క పెరట్లో పడి ఉంది, దాని మీద నిన్నటి పసుపు అలాగే ఉంది. గుంట పక్కన బోరబండ మేస్త్రీ వీరయ్య గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. గుంటలో మన్నంతా ఎర్రగా, తడిగా ఉంది. వాకిట్లో కారు డిక్కీ తెరిచి ఉంది. అందులో నల్లగుడ్డ మూట.

"ఏం రాయమ్మా అది," అన్నాడు వీరయ్య మెల్లగా. "ఇనుమన్నరు, పట్టుకుంటె పొడి పొడి అయితున్నది. పైకి తీసేతందుకు తిప్పలైంది."

రత్నం ఆ తడి మన్ను వైపు చూసింది. ఇన్నేళ్ళుగా రోజూ చెంబెడు నీళ్ళు. అయినా నిలబడి ఆలోచించే వేళ కాదది. వరండాలో గడ్డం మాసి, చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా కూర్చున్న మేనమామ దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యా, దాన్ని ఎలాగూ పారేస్తున్నారు. నాకిచ్చెయ్యండి."

"నీకా?" ఆయన ఉలిక్కిపడ్డాడు. "శనిని తీసుకెళ్ళి మేనకోడలి ఇంట్లో పెట్టి రమ్మంటావా?"

"మొన్నటిదాకా దైవప్రసాదమన్నారుగా!"

"అన్నాను. కళ్ళు మూసుకుపోయి అన్నాను. నేనే స్వయంగా వెళ్ళి కృష్ణలో వదిలి, తలస్నానం చేసి వస్తాను. నువ్వు దాన్ని ముట్టుకోకు."

"ఈ నెలాఖరుకి ఆ ముక్క చూపించకపోతే నేను చూసింది తప్పని రాసివ్వాలి మామయ్యా. అంటే ఏంటో తెలుసా? దొంగనని నా చేత్తో నేనే సంతకం పెట్టడం."

"పెట్టెయ్. పెడితే ఏమవుతుంది? నాలుగు రోజులు నవ్వుతారు. నన్ను చూసి ఊరంతా నవ్వట్లేదూ? చచ్చిపోయానా? అబద్ధాలకోరువంటే అననీ అమ్మా, బతికుంటావుగా. మా అక్క నిన్ను నా చేతిలో పెట్టింది బతికించమని. ఖనిజాలు కనిపెట్టించమని కాదు."

"నాకు బతకడానికి ఇంకేముంది మామయ్యా? చెప్పండి. ఇల్లుందా, వాకిలుందా, మనిషున్నాడా? నేను చూశానన్న మాట ఒక్కటే ఉంది. అది కూడా కృష్ణలో కలిపేస్తారా?"

సీతామహాలక్ష్మి తలుపు చాటునుంచి, "ఇచ్చెయ్యండీ, అంతలా అడుగుతోందిగా," అంది.

"నువ్వూరుకో!" అని ఆయన గద్దించాడు. తరవాత తలొంచుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు అన్నాడు. "చెప్పకూడదనే అనుకున్నాను రత్నం. ఇన్నేళ్ళూ తట్టలేదు, మొన్న సిద్ధాంతి అన్నాక తట్టింది. ఒక సగం ఇక్కడ పెట్టాం. రెండో సగం నువ్వు ఇంట్లో పెట్టుకున్నావు. రెండేళ్ళు తిరక్కుండా మూర్తి... ఇప్పుడు నా సగాన్ని కూడా నీ నెత్తినే పెట్టమంటావేంటమ్మా? నా వల్ల కాదు. కాళ్ళు పట్టుకున్నా నా వల్ల కాదు."

వీరయ్య గడ్డపార గోడకి ఆనించి పక్కకి తప్పుకున్నాడు. ప్రేమతో కాదన్నవాడితో పోట్లాడ్డం ఎంత కష్టమో రత్నానికి అప్పుడే తెలిసింది. పగవాడైతే ఈపాటికి మీదపడి లాక్కునేది.

"మూర్తిని లారీ కొట్టింది మామయ్యా," అంది చివరికి. "ఆ లారీవాణ్ణి తిట్టుకుంటూ ఇన్నేళ్ళు ఎలాగో బతికాను. ఇప్పుడు మీరు రాయంటున్నారు. ఆ రాయిని గుర్తుపట్టింది నేను. కోయించింది నేను. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకుంది నేను. అయితే మూర్తిని నేనే చంపానన్నమాట. అంతేగా?"

"అయ్యో... నేనలా అన్నానా?"

"ఇంకెలా అన్నారు? చెప్పండి మామయ్యా. అదేగా మీరనేది? అవునంటే అవునని నా ముఖం మీద చెప్పేసి, తీసుకెళ్ళి పారేసుకోండి. నేనిక అడగను."

సినిమాల్లో ఎంతోమందిని ఏడిపించిన అచ్యుతరామయ్యకి తన మేనకోడలు ఏడవకుండా నిలబడి ఉంటే ఏం చేయాలో తెలియలేదు. అవునని అనలేడు. కాదంటే ఆ మూటలో శని లేనట్టే, నెత్తిన పడ్డదంతా తన స్వయంకృతమే. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. వాకిట్లోకి నడిచాడు.

డిక్కీలోంచి మూటని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. రత్నం తెలియకుండానే రెండు చేతులూ చాపింది. ఆయన ఆ చేతుల వైపు చూడలేదు. గడప ఉండాల్సిన చోట, గుంట అంచున, వంగి మూటని నేల మీద పెట్టాడు. భుజం మీది తుండుతో చేతులు తుడుచుకుని, ముఖం తిప్పుకుని, గుంట దాటి లోపలికి వెళ్ళిపోయాడు.

రత్నం చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. చిన్నప్పట్నించీ నవ్విన ఆచారం అది. దాని ముందు మోకాళ్ళ మీద కూలబడి మూట విప్పింది.

నువ్వుల మధ్య ఎర్రటి ముద్ద. తాకితే పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. వేళ్ళు తుప్పుతో నిండిపోయాయి. ఇన్ని మాటలనిపించుకుని, మామయ్యని అంత మాట అని సంపాదించుకున్నది ఈ బురదా? ఇంకో పెచ్చు లేవదీసింది. ఆ ఎర్రటి పొడిలో ఏదో తెల్లగా తళుక్కుమంది. సూదిమొనంత పుల్ల. దాని పక్కన ఇంకోటి. అత్తయ్య రోజూ పోసిన నీళ్ళు ఇనుముని తినేశాయి గానీ, వీటి జోలికి రాలేదు.

వాటిలో ఏముందో తరవాత తేలింది, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. ముద్ద నడిమధ్య ఇంకా చెడని ఇనుము కొంచెం మిగిలింది. దాన్ని అనంతపద్మనాభంగారు పూతల గదికి దూరంగా, తన కళ్ళెదుటే కోయించి, తనే కొలిచాడు. చాలా పుల్లల్లో ఇనుమే ఎక్కువ. రెండింట్లో మాత్రం నికెల్ ఎక్కువ. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "రాసివ్వక్కర్లేదమ్మా," అన్నాడు. ఆ ఖనిజానికి పేరు పెట్టించుకునేంత సరుకు మాత్రం ఆమె దగ్గర లేకపోయింది. తొంభైలు వెళ్ళిపోతుండగా వేరే దేశంవాళ్ళు వేరే ఉల్కల్లో పట్టుకుని పేరు పెట్టారు. అదంతా వేరే సంగతి.

కానీ ఆ శనివారం, ఆ గుంట ముందు, ఆమెకి ఇవేవీ తెలియవు. వేళ్ళ నిండా తుప్పు, రెండు తెల్లటి పుల్లలు, అంతే. సీతామహాలక్ష్మి పూజగదిలోకి పరుగెత్తి, తన కుంకుమభరిణెలోని కుంకుమంతా పళ్ళెంలోకి వంపేసి, ఖాళీ భరిణె పట్టుకొచ్చింది. భర్త పోయినదాని చేతికి కుంకుమభరిణె. ఇవ్వచ్చో ఇవ్వకూడదో ఆవిడ ఆలోచించలేదు, దాన్ని మాత్రం నేరుగా చేతిలోనే పెట్టింది. రత్నం ఒక్కొక్క పుల్లా ఏరి అందులో వేసుకుని, మిగిలిన ముద్దని కొంగులో కట్టుకుంది.

లోపల చీకటి హాల్లోంచి మేనమామ గొంతు వినిపించింది. ఇటు తిరగకుండానే అడుగుతున్నాడు.

"రత్నం... నేను నీకేమీ ఇవ్వలేదు. తెలిసిందా?"

ఎంత భయం ఉందో ఆ గొంతులో! సినిమా పోయిన భయం కాదది. రత్నానికి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు రెండు చేతులా పొట్టకి అదుముకుని, అటువైపు చూసి, ఆయనకి బాగా వినపడేలా చెప్పింది.

"లేదు మామయ్యా. మీరేమీ ఇవ్వలేదు. ఇక్కడ కింద పడి ఉంటే ఏరుకున్నాను."